ఎర్ర టేపు చుట్ట

ఒకోత్‌కు నేను చెప్పకుండా ఉంచిన మాట పెద్దదేమీ కాదు. "ఈ వైరు కొసలకు ఎర్ర టేపు చుట్టించు", అంతే. చెప్పడానికి అర నిమిషం కూడా పట్టేది కాదు. చెప్పలేదు. ఆ తర్వాత అతను నా ఎదుట నిలబడి అడిగిన రోజున నిజానికి బదులు అబద్ధం చెప్పాను. మొదటిదాన్ని పొగరు అనుకున్నా, మతిమరుపు అనుకున్నా ఏదో ఒక పేరు దొరుకుతుంది. రెండోది తెలిసి చేసిన పని. ఇన్నేళ్ళలో కువైట్ కబుర్లు ఎన్నో రాశాను, మిత్రులకు చెప్పాను. ఎండ గురించి, గదుల గురించి, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు కోసం తిరిగిన తిరుగుళ్ళ గురించి. వాటన్నిట్లో ఒకోత్ నవ్వుతూ వచ్చి నవ్వుతూ వెళ్ళిపోయే మనిషి. అతని తమ్ముడు ఎలా పోయాడో ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

పోయిన నెల అబూ హలీఫాలో మేముండే పాత బిల్డింగు కూలగొడతామని నోటీసు ఇచ్చారు. సామాను సర్దుతుంటే మంచం కింద, గోడ వైపు, నా మొదటి పనిముట్ల సంచి కనిపించింది. గుడ్డ పెళుసెక్కి చేతిలో పొడి రాలింది. లోపల తుప్పు పట్టిన పట్టకారు, వెలగని టెస్టరు, అడుగున ఒక ఎర్ర టేపు చుట్ట. పైన ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు. వేడికి జిగురు కరిగి అంచుల వెంట గోధుమ రంగు బంకలా కారి గట్టిపడింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వేడెక్కిన రబ్బరు వాసన వచ్చింది. ఆ వాసనతో దజీజ్‌లోని మా కంపెనీ స్టోరు మొత్తం కళ్ళ ముందుకు వచ్చి నిలబడింది. ఆ చుట్టను ఎవరి చేతికి ఇవ్వాలో, ఎవరు ఇమ్మన్నారో కూడా గుర్తొచ్చింది. ఇద్దరిలో ఒకరు చనిపోయారు.

అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు రాలేదు. కరెంటు పనుల కంపెనీలో ఎలక్ట్రీషియన్‌ని. వీసాలో అలా రాసి ఉంది. నిజానికి జగిత్యాల దగ్గర మా ఊళ్ళో లైన్‌మన్ వెనకాల నిచ్చెన మోశాను, మోటార్ల స్టార్టర్లు విప్పి బిగించాను, తెగిన ఫ్యూజులో ఏ తీగ దొరికితే ఆ తీగ పెట్టి ఊరి చేత శెభాష్ అనిపించుకున్నాను. మా ఇళ్ళలో మూడో పిన్ను అడ్డమొస్తే విరిచేసేవాళ్ళం. ఎర్త్ అంటే పెద్ద ఇళ్ళవాళ్ళ ముచ్చట అనుకునేవాళ్ళం. ఆ చదువుతోనే ఇక్కడికి వచ్చాను. నన్ను కాస్త మనిషిని చేసింది స్టోర్ కీపర్ మల్లయ్య కాక. మెట్‌పల్లి వైపు మనిషి, నేను రాకముందు నుంచే కువైట్‌లో ఉన్నాడు. రేకుల షెడ్డులో వైరు డ్రమ్ముల మధ్య ఒక కుర్చీ, ఒక టేబుల్ ఫ్యాను, ఒక స్టీలు డబ్బా, అదీ ఆయన సంసారం. మధ్యాహ్నం ఉల్లిగడ్డను డ్రమ్ము మీద పెట్టి పిడికిలితో పగలగొట్టి, ఉప్పు అద్దుకుని, చింతపండు చారుతో అన్నం తినేవాడు. షెడ్డంతా వేడి ప్లాస్టిక్ వాసన, దాని మీద ఉల్లి ఘాటు. తినేశాక చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఫ్యాను కూడా నేరుగా ముట్టుకునేవాడు కాదు. ముందు చేతి వెనక వైపు తాకించేవాడు. "అరచెయ్యి గుంజుకుంటదిరా, పట్టుకున్నది ఇడువది. చెయ్యి ఎనకదిక్కు పెడితే కొట్టి ఇడిశిపెడ్తది" అనేవాడు. ఆ మాట రోజుకు ఒక్కసారైనా వినేవాడిని. విని నవ్వేవాడిని.

ఒకోత్ ఆ స్టోరు గేటు దగ్గర కాపలా. కెన్యావాడు. పెద్ద సరస్సు ఒడ్డున చేపలు పట్టే ఊరు వాళ్ళది. నాకన్నా నాలుగేళ్ళు చిన్న. నన్ను "ఇంజనీర్" అని పిలిచేవాడు. మొదట వెక్కిరింపు అనుకున్నాను. కాదు, నిజంగానే అనుకున్నాడు. మా మధ్య నడిచింది సగం హిందీ, సగం ఇంగ్లీషు, మధ్యలో అరబ్బీ యల్లా, ఖలాస్. ఆ మాటల్ని ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

అతనికి ఒక అలవాటు ఉండేది. షెడ్డులో మనిషి లేని చోట లైటు వెలుగుతుంటే వెళ్ళి ఆర్పేసేవాడు. వీధి చివర ఎవరో ఊరెళ్ళిన విల్లాలో ఏసీలు వేసవంతా తిరుగుతుంటే గేటు దగ్గర నుంచి వాటి చప్పుడు విని తల ఊపేవాడు. "ఇంజనీర్, లోపల ఎవరున్నారు?" "ఎవరూ లేరు." "మరి చలి ఎవరికి?" "సోఫాలకు." పడీపడీ నవ్వేవాడు. వాళ్ళ ఊళ్ళో ఫోన్లు వచ్చాయిగానీ కరెంటు రాలేదు. "మా అమ్మ ఫోన్‌కు కాళ్ళున్నాయి. వారానికోసారి సంతకు నడిచిపోయి, కడుపు నింపుకుని వస్తుంది" అనేవాడు. సంతలో ఒకతను కారు బ్యాటరీ పెట్టుకుని ఊరందరి ఫోన్లూ చార్జి చేసేవాడట.

వాళ్ళ వంటిల్లు ఇంటికి కాస్త ఎడంగా, మట్టి గోడల మీద రేకులు వేసిన చిన్న కొట్టం. మూడు రాళ్ళ పొయ్యి. వెలుతురుకు పాత డబ్బాలో ఒత్తి దూర్చిన కిరసనాయిలు దీపం. వాళ్ళమ్మ పొద్దున్నే లేచి దగ్గు తీరేదాకా దగ్గి, తర్వాతే మాట మొదలుపెడుతుందని చెప్పాడు. అది చెప్పినప్పుడు నాకు మా అమ్మ కనిపించింది. వానాకాలం తడి కట్టెల మీద గ్యాస్‌నూనె అనే కిరసనాయిలు చల్లి, ఊదుగొట్టం పెట్టి ఊదీ ఊదీ కళ్ళు ఎర్రబడి, కొంగుతో తుడుచుకుంటూ మమ్మల్నే తిట్టేది. సాయంత్రం కందిలి గాజు తుడవడం నా వంతు. ఆ గాజులోకి చెయ్యి పట్టేది నాకొక్కడికే. బూడిద వేసి, కాగితం కుక్కి తిప్పితే మసి గోళ్ళలోకి దూరేది, బడిలో పలక మీద వేలిముద్రలు పడేవి. ఒకోత్ చేతులు చాపి తన గోళ్ళు చూపించాడు. "నావీ అంతే" అన్నాడు. ఎక్కడి జగిత్యాల, ఎక్కడి సరస్సు! ఇద్దరి అమ్మలూ ఒకే పొగ మింగారు. ఈ దేశంలో నాకు దొరికిన చుట్టరికం అదే.

ఒక ఏడాది వాళ్ళ ఊరికి కరెంటు స్తంభాలు వచ్చాయి. మీటరుతో పాటు ముందు గదిలో ఒక బోర్డు బిగించి వెళ్ళారట, ఒక బల్బు, ఒక సాకెట్టు. అక్కడితో సరి. ఒకోత్ సెలవు మీద వెళ్తూ నా దగ్గరికి వచ్చాడు. "అమ్మ కూర్చునేది ముందు గదిలో కాదు, వంటింట్లో. అక్కడ బల్బు వెలగాలి. నువ్వే చెప్పాలి ఇంజనీర్."

ఒక పనిలో మిగిలిపోయిన ఎర్త్ వైరు చుట్ట ఒకటి స్టోరు మూలన పడి ఉండేది. డబ్బా చిరిగిందని ఎవరూ వాపసు తీసుకోలేదు. ఆకుపచ్చ మీద పసుపు చార. ఆ రంగు వైరులో కరెంటు పారించరు. ఇనుప వస్తువులకు కరెంటు పాకితే దాన్ని భూమిలోకి దించడానికే అది ఉంటుంది. అందుకే ఆ రంగు చూస్తే తెలిసినవాడు ఎవడైనా భయం లేకుండా పట్టుకుంటాడు. నల్ల వైరు కొంత ఉంది, ఎర్రది లేదు. కరెంటు వచ్చే వైరుగా ఆ పచ్చదాన్నే వాడమని ఒకోత్‌కు చెప్పాను. అట్ట ముక్క మీద బొమ్మ గీసి ఇచ్చాను. స్విచ్చు ముందు గది బోర్డు మీదే ఉండాలి, వంటింటి తడి గోడకు వద్దు. బల్బు దాటాక మిగిలిన పచ్చ వైరు కోయకు, చుట్ట చుట్టి గోడకు వేలాడదీయి, రేపు ఇంకో బల్బు పెట్టుకోవచ్చు. మా ఊళ్ళో అందరం అలాగే చేసేవాళ్ళం. తీగ తెంపడమంటే మాకు ప్రాణం పోయినట్టుండేది. "రంగు తేడా ఏం కాదా?" అని అడిగాడు. "కరెంటుకు రంగు తెలియదు" అన్నాను. ఒకోత్ చేతులు చరిచి నవ్వాడు. "అయితే ఈ దేశంలో మంచిది కరెంటొక్కటే. మిగతా అందరికీ తెలుసు."

అతను గేటు దగ్గరికి వెళ్ళాక మల్లయ్య కాక కుర్చీలోంచి లేచి వచ్చాడు. అంతా విన్నాడు.

"ఏందిరా గంగాధరా, పచ్చ తీగెల కరెంటు పారిపిస్తున్నవా? నీకు పని నేర్పిన మొగోడెవడ్రా?"

"ఒక్క బల్బే కాక. ఏమైతది?"

"గది భూమి తీగె. దాన్ని జూస్తే ఎవడైనా దైర్నంగ పట్టుకుంటడు."

"ఆ ఊర్ల రంగు జూసి గుర్తువట్టెటోడు ఎవడున్నడు?"

"ఇయ్యాల లేకుంటే రేపొస్తడు." టేబుల్ సొరుగు లాగి కొత్త ఎర్ర టేపు చుట్ట నా చేతిలో పెట్టాడు. "ఇగో, రెండు కొసలకు చుట్టుమను. మిగిలిన తీగె ఏలాడేస్తమంటివి గదా, దాని కొసకు మల్ల తప్పకుండ చుట్టుమను. యాది మరువకు."

మరవలేదు. టేపు జేబులో పెట్టుకుని గేటు వైపు నాలుగడుగులు వేశాను. ఒకోత్ అట్ట ముక్కను ఎండకు ఎత్తి పట్టుకుని, పక్కన నీళ్ళ ట్యాంకరు డ్రైవరుకు చూపిస్తున్నాడు. "మా ఇంజనీర్ గీశాడు" అంటున్నాడు. ఆ దేశంలో నన్ను ఆ మాట అన్నది అతనొక్కడే. రూమ్‌లో నేను దొంగ ఎలక్ట్రీషియన్‌ని, సైటులో ఫోర్‌మన్ చేతి కింద కుక్కని. రంగుతో పని లేదని పది నిమిషాల కిందట గొప్పగా చెప్పి, ఇప్పుడు వెళ్ళి "పని ఉంది, ముసలాయన చెప్పాడు" అనాలి. అనలేకపోయాను. రేపు చెబుదాం అనుకున్నాను. మర్నాడు ఒకోత్ విమానం ఎక్కాడు. టేపు సంచిలో వేశాను.

సెలవు నుంచి తిరిగొచ్చి ఫోన్‌లో ఫొటో చూపించాడు. మసిబారిన వంటింట్లో బల్బు, దాని కింద ఒక పెద్దావిడ చేపలు తోముతూ. తల ఎత్తలేదు. కత్తి మీద, పొలుసుల మీద వెలుగు. "ఇన్నాళ్ళూ ముళ్ళు చేత్తో తడిమి తీసేది. ఇప్పుడు చూసి తీస్తోంది" అన్నాడు. నా భుజం మీద చెయ్యి వేసి స్టోరంతా తిప్పాడు. మల్లయ్య కాక ఫొటోను చాలాసేపు చూశాడు. "టేపు ఇచ్చినవా?" అని అడిగాడు. "ఇచ్చిన కాక" అన్నాను.

ఒకోత్ తమ్ముడు ఒమోండి. అన్న కువైట్ జీతంతోనే పాలిటెక్నిక్‌లో చేరి కరెంటు పని చదివాడు. "నీలాగే ఇంజనీర్ అవుతాడు" అనేవాడు ఒకోత్. నాలాగా కాదు, సరిగ్గా చదివాడు. చదువయ్యాక ఆ అబ్బాయి చేసిన మొదటి పని అమ్మ కోసం కరెంటు పొయ్యి కొనడం. ఇనుప పెట్టె మీద చుట్ట తీగ ఉండే రకం. ముందు గది బోర్డు నుంచి కొత్తగా ఎర్ర వైరు, నల్ల వైరు లాక్కొచ్చాడు. ఇక ఎర్త్ కావాలి. చూస్తే గోడకు ఒక చుట్ట వేలాడుతోంది. పైనున్న వైర్లన్నీ అప్పటికే పొగకు నల్లబడిపోయాయి, ఏది ఏ రంగో తెలియడం లేదు. ఈ చుట్టకు మాత్రం ఒకోత్ ప్లాస్టిక్ సంచి తొడిగాడు. విప్పితే కొత్తదిలా ఉంది, ఆకుపచ్చ, పసుపు చార. అన్న కువైట్ నుంచి ఎర్త్ వైరు కూడా ఆలోచించి తెచ్చాడని సంబరపడి ఉంటాడు. మెయిన్ ఆపాడు. ఆ కొసను పొయ్యి ఇనుప ఒంటికి బిగించాడు. మెయిన్ వేశాడు. టెస్టరు పెట్టి చూశాడు, వెలగలేదు. ఎలా వెలుగుతుంది? మధ్యాహ్నం. వంటింటి బల్బు స్విచ్చు ఆపి ఉంది, అది వేస్తేనే ఆ పచ్చ వైరులోకి కరెంటు వచ్చేది. పొయ్యి మీద నీళ్ళు కాగాయి. అమ్మ చప్పట్లు కొట్టిందట. సాయంత్రం చీకటి పడుతుంటే ఆమె ముందు గదిలోకి వెళ్ళి, రోజూ లాగే వంటింటి బల్బు స్విచ్చు వేసింది. ఆ సమయానికి ఒమోండి మట్టి నేల మీద వట్టికాళ్ళతో నిలబడి, పొయ్యిని అరచేతులతో పట్టుకుని గోడ వైపు జరుపుతున్నాడు.

ఇదంతా ఒకోత్ నాకు ముక్కలు ముక్కలుగా చెప్పాడు. తమ్ముడు పోయిన మర్నాడు డ్యూటీ మానకుండా గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు, టోపీ చేతిలో పట్టుకుని. నేను వ్యాన్ దిగగానే ఎదురొచ్చాడు.

"అమ్మ ఒకటే మాట అంటోంది. నేను బల్బు వేశాను, వాడు పడిపోయాడు అని. ఊళ్ళో ఎవరూ నమ్మడం లేదు. బల్బుకూ పొయ్యికీ ఏం సంబంధం? నువ్వు చెప్పు ఇంజనీర్. సంబంధం ఉందా?"

అతను వాక్యం ముగించేలోపే నాకు అర్థమైంది. గోడకు వేలాడే చుట్ట, ప్లాస్టిక్ సంచి, స్విచ్చు, ఆ అబ్బాయి చేతులు, అన్నీ నేను గీసిన బొమ్మలోనే ఉన్నాయి. నా సంచి భుజానికి ఉంది. టేపు అందులోనే ఉంది.

"సంబంధం లేదు" అన్నాను. "సాయంత్రం మళ్ళీ విప్పి, ఈసారి మెయిన్ ఆపకుండా లోపల వైరు ముట్టుకుని ఉంటాడు. కొత్తగా చదివినవాళ్ళు తొందరపడతారు."

ఒకోత్ తల ఊపాడు. పక్కకు వెళ్ళి ఫోన్ చేసి, నాకు తెలియని భాషలో నా మాట వాళ్ళమ్మకు చెప్పాడు. ఆమె ఏదో గట్టిగా అంటోంది. అతను మళ్ళీ మళ్ళీ అదే చెప్పాడు. మధ్యలో "ఇంజనీర్" అన్న మాట నాకు వినబడింది.

ఆ రోజు మల్లయ్య కాక అన్నం డబ్బా తెరవలేదు. సాయంత్రం నన్ను పిలిచి, "టేపు ఇచ్చినవా?" అని మళ్ళీ అడిగాడు. ఇచ్చానన్నాను. నా సంచి వైపు చూశాడు, తెరవమనలేదు. ఆ తర్వాత ఆయన ఊరికి వెళ్ళిపోయేదాకా నాకు పని చెప్పాడు, తిట్లు తిట్టాడు, చారు పోశాడు. చేతి వెనక వైపు ముట్టుకొమ్మన్న మాట మాత్రం మళ్ళీ ఎప్పుడూ అనలేదు. రెండేళ్ళ కిందట మెట్‌పల్లిలో పోయాడని తెలిసింది.

ఒకోత్ కాంట్రాక్టు ముగించుకుని వెళ్ళి, వంటింటి వైర్లన్నీ పీకేశాడు. అప్పుడప్పుడు మెసేజ్ పెడతాడు. పిల్లల ఫొటోలు, వాన కబుర్లు. ఒకసారి రాశాడు, "అమ్మ ఇప్పటికీ స్విచ్చు ముట్టుకోదు. ముందు గది బల్బు కూడా మా పిల్లలు వచ్చి వేయాలి. వంటింట్లో పాత దీపమే. ఊళ్ళో ఆమెకు మతి సరిగా లేదంటున్నారు." నేను చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపాను.

ఇప్పుడు నా కింద పన్నెండు మంది పనిచేస్తున్నారు. ఎర్త్ చూడకుండా ఒక్క ఇల్లూ అప్పగించను. నన్ను చాదస్తుడంటారు. మా ఊళ్ళో అమ్మ గ్యాసు పొయ్యి మీద వండుతోంది, ఇంటికి ఇన్వర్టరు ఉంది, కందిలి ఎప్పుడో పాత సామానువాడికి పోయింది. ఈ దేశంలో సోఫాలకు ఇంకా చల్లగానే ఉంది. ఆ సరస్సు ఒడ్డున ఒక పెద్దావిడ మాత్రం, ఇంటి ముందు స్తంభం ఉండి, గోడకు మీటరు ఉండి, డబ్బా దీపం పొగలో దగ్గుతూ చేప ముళ్ళు చేత్తో తడుముతోంది. కరెంటు వచ్చిన ఒక ఇంటిని తిరిగి చీకట్లోకి నెట్టినవాణ్ణి నేను. ఇంజనీర్ చెప్పాడన్న ఒక్క మాటకు ఆమె కళ్ళారా చూసింది అబద్ధమైపోయింది, చదువుకున్నట్టే పనిచేసిన ఆమె కొడుకు తొందరపాటు మనిషైపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం, సర్దిన పెట్టెల మధ్య కూర్చుని ఒకోత్‌కు ఫోన్ చేశాను. కుశలం అడిగాడు. నేను టేపు గురించి చెప్పాను. వైరు రంగు, చుట్ట, స్విచ్చు, అన్నీ వరసగా చెప్పాను. ఆ రోజు గేటు దగ్గర అడిగినప్పుడే నాకు తెలుసని కూడా చెప్పాను. అవతల కోడి అరుపు వినిపిస్తోంది. ఒకోత్ అడిగాడు:

"ఆ రోజే తెలుసా?"

"తెలుసు."

"నేను అమ్మను ఫోన్‌లో తిట్టాను. నువ్వు చెప్పేది అబద్ధం, ఇంజనీర్‌కు తెలియదా అని." ఇంజనీర్ అన్న మాట అతని నోట అంత చేదుగా వినడం అదే మొదటిసారి. "నాకు చెప్పింది చాలు. ఆమెకు నువ్వే చెప్పు. నేను నీ మాటను మా భాషలో చెబుతాను, అంతే."

నడుస్తున్న చప్పుడు, తలుపు చప్పుడు, దగ్గు. ఆవిడ గొంతు నేను వినడం అదే మొదలు. ఏదో అడిగింది. "బల్బు వేయడం వల్లేనా అని అడుగుతోంది" అన్నాడు ఒకోత్. కాదంటే ఆమెకు ఆ పూట తేలిగ్గా ఉండేది. ఒకసారి అలా కాదని చెప్పే ఇక్కడిదాకా తెచ్చాను.

ఈ దేశంలో ఎన్నో విల్లాల గుమ్మాల్లో నిలబడి ఇంటి ఆడవాళ్ళను మామా, అంటే అమ్మా, అని పిలిచాను. అదే మాటతో మొదలుపెట్టాను. ఒక్కో వాక్యం చెప్పి, ఒకోత్ దాన్ని ఆమెకు చేర్చేదాకా ఆగి, మళ్ళీ చెప్పాను.

"మామా, మీరు చూసింది నిజం. మీరు స్విచ్చు వేసినప్పుడే కరెంటు అతని చేతుల్లోకి వెళ్ళింది. సాయంత్రమైతే ఎవరైనా వేసే స్విచ్చే అది, మీ తప్పు లేదు. మీ అబ్బాయి మెయిన్ ఆపాడు, పరీక్షించి చూశాడు, చదువుకున్నది చదువుకున్నట్టే చేశాడు. తొందరపడలేదు. ఆ వైరులో కరెంటు ఉండకూడదు, అందులో కరెంటు పెట్టించింది నేను. గుర్తుగా చుట్టించమని ఒక పెద్దాయన నా చేతికి టేపు ఇస్తే, నామోషీ అనుకుని ఇవ్వలేదు. మీరు నిజం చెబుతుంటే అబద్ధమని చెప్పించాను. తప్పు నాది. పేరు గంగాధర్. ఊళ్ళో ఎవరడిగినా ఆ పేరే చెప్పండి. నన్ను క్షమించండి."